ప్రతి ఉత్తరానికీ ఒక నకలు

మార్చి పదకొండు, బుధవారం, ఉదయం. పళ్ళసెట్లు తయారుచేసే ఆ చిన్న కర్మాగారం వెనక గదిలో, తలుపు గడియ పెట్టిన తరవాత, మిగిలినవారు ముగ్గురు. ఒకరు యజమానురాలు. ఇంకొకరు ఆమె చిన్నతనం నుంచీ అక్కడే పింగాణీ పళ్ళు కాలుస్తున్న పెద్ద పనివాడు. ఆయన్ని అందరూ ‘పింగాణీ మామ’ అంటారు. మూడో మనిషి, కంప్యూటర్లలో కన్నాలు వెతికి మూయడానికి పిలిపించిన నిపుణురాలు. వచ్చిన రోజునే పనివాళ్ళు ఆవిడకు ‘తాళాలావిడ’ అని పేరు పెట్టేశారు. తేదీ, హాజరైనవారి వివరం ముందుగా ఒక కాగితం మీద వేసుకున్నది ఆవిడే.

“ఎవరెవరు విన్నారో రాసిపెట్టుకుంటే, నాకెవరూ చెప్పలేదని రేపు ఎవరూ అనరండీ,” అంది కలానికి మూత పెడుతూ.

పోయినవారం ఈ తలుపు దగ్గరే కథను ఆపాం కనుక, లోపలికి వెళ్ళేముందు రెండు మాటలు. ఒక బడి ప్రధానోపాధ్యాయిని పైవరస పళ్ళన్నీ తీయించుకుని కొత్త సెట్టుకు కొలతలిచ్చింది. ఆనాడు దంతవైద్యుడు తీసిన ఫోటో, బోసినోరు, లోపలికి పోయిన బుగ్గలు, జుట్టు కూడా సరిగ్గా లేని ముఖం, వారం తిరగకుండా ఆ బడి పిల్లల తల్లిదండ్రుల ఫోన్లలో తిరిగింది. ఆవిడ బడికి రావడం మానేసింది. వైద్యుడి దగ్గరనుంచి ఆ ఫోటో వెళ్ళిన చోటు ఈ కర్మాగారం ఒక్కటే. ఇక్కడ వచ్చిన మెయిళ్ళు తెరిచేది ముందుగదిలో కూర్చునే ఉద్యోగిని. గొంతు సన్నం కావడంవల్ల ఆమెను ‘పిచ్చుక’ అనేవారు. యజమానురాలు పిచ్చుకను పిలిచి, ఎక్కువ మాటలు లేకుండా, ఇంటికి పంపేసింది. “నేను కాదండీ,” అని పిచ్చుక ఒక్కసారే అంది, రెండోసారి అనలేదు. వైద్యుడికి మాత్రం అది చాలలేదు. తప్పు ఎక్కడ జరిగిందో, ఎవరివల్ల జరిగిందో, దాన్ని మూశారో లేదో సంతకంతో సహా ఈ సాయంత్రంలోగా రాసివ్వాలని, ఇవ్వకపోతే ఇకమీద ఒక్క పన్ను పని కూడా పంపననీ కబురుచేశాడు.

తాళాలావిడ అప్పటికే చాలా మూసింది. కొలిమి పక్కన గోడకు అంటించి ఉన్న పాస్‌వర్డ్ చీటీ పీకించింది. మానేసి వెళ్ళినవాళ్ళ పేర్లతో ఇంకా బతికే ఉన్న ఖాతాలను తీసేయించింది. అందరి ఫోన్లలోనూ అడక్కుండానే తెరుచుకునే ఫోటోల ఫోల్డరుకు ఎవరి తాళం వాళ్ళకు వేయించింది. “మీ దగ్గర తాళం లేదని కాదండీ, ఒకటే తాళంచెవి ఊరందరి మెడలోనూ వేలాడుతోంది,” అని పనివాళ్ళను నవ్వించింది కూడా. ఇవాళ మాత్రం నవ్వలేదు.

“ఇంకొకటుంది,” అంది, కంప్యూటర్ తెరను యజమానురాలి వైపు తిప్పుతూ. “మీకు వచ్చే ప్రతి మెయిలుకూ ఒక నకలు ఇంకో మెయిలు పెట్టెకు వెళుతోంది. మీరు పంపేవాటికి కూడా. ఎవరూ ఏమీ నొక్కక్కర్లేదు, దానంతటదే వెళ్ళేలా ఏర్పాటు చేసి ఉంది. బయటివాళ్ళు దొంగతనంగా చేసింది కాదు. ఇక్కడినుంచే, మీ పెద్ద ఖాతాలోంచే చేశారు. ఫలానా రోజు బాధ్యతలు తీసుకున్నానని మీరు చెప్పారే, సరిగ్గా ఆ రోజునే.”

“ఎవరిదా పెట్టె?”

“అది మీరే చెప్పాలి మేడమ్.”

యజమానురాలు తెర మీద ఉన్న చిరునామా చదివింది. మళ్ళీ చదవవలసిన పని లేదు. ఆ పెట్టెను తెరిచింది తనే. తమ్ముడి పిల్లల ఫోటోలు చూసుకోవడానికి ఒక చిరునామా కావాలని తండ్రి అడిగితే, ఒక ఆదివారం ఆయన పక్కన కూర్చుని, తల్లి ముద్దుపేరు కలిపి, తనే చేసిపెట్టింది. పాస్‌వర్డ్ కూడా తనదే. అప్పుడు ఆయన “ఇంతేనా? ఇంత తేలికా?” అని ఆశ్చర్యపోయాడు.

“మా నాన్నది,” అంది.

ఆ మాట తన నోట్లోంచే వచ్చినా, పక్కగదిలోంచి ఎవరో అన్నట్టు వినిపించింది. పన్ను పీకేముందు మత్తు ఇస్తే పెదవి మన ముఖానే ఉండి మనది కాకుండా పోతుంది చూడండి, అలాంటిదేదో ఆమె ముఖం నుంచి మెల్లగా కిందికి దిగుతోంది.

పింగాణీ మామ లేచాడు. “చేతులకు పొడి అంటుకుంది, కడుక్కొస్తాను.”

“కూర్చో మామయ్యా.”

“లేదమ్మడూ, ఒక్క నిమిషంలో...”

“నీ చేతులు శుభ్రంగానే ఉన్నాయి. కూర్చో.”

ఆయన కూర్చున్నాడు. తాళాలావిడ వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసి, అడగవలసింది అడిగింది. “పాస్‌వర్డ్ మీకు గుర్తుంటే ఒకసారి తెరవండి.” తెరిచారు. వరసగా ఉత్తరాలు, అన్నీ చదివినవే. ఏ రోజుదీ చదవకుండా మిగలలేదు. “ఇదిగో, ఇప్పుడు కూడా ఇంకో కంప్యూటర్లో ఈ పెట్టె తెరిచే ఉంది. మీ ఇంట్లోదా?”

“మా ఇంట్లో కంప్యూటర్ లేదు.”

“మరి ఎక్కడ?”

పింగాణీ మామ బల్లతో చెప్పినట్టు చెప్పాడు. “మూలమీద జిరాక్సు కొట్టు. ఆయనకి తెర మీద చూస్తే రంగు తెలీదు. కాగితం మీద వేయించుకుంటారు. మధ్యాహ్నం నాకు ఫోన్ చేస్తారు. ఫలానావాళ్ళ కోరపన్ను మరీ తెల్లగా ఉంది, చిగురు దగ్గర కాస్త పసుపు కలుపు, ఫలానావాళ్ళ ముఖం గుండ్రం, ముందుపళ్ళకి అంచులు తగ్గించు అంటారు. నేను తగ్గిస్తాను. అంతే.”

“ఎప్పట్నుంచి?”

“ఎప్పట్నుంచంటే... ఆయన మానేసిన మర్నాటినుంచీ.”

“ప్రతి సెట్టూనా?”

ఆయన తలూపాడు. తను పగ్గాలు పట్టాక వెనక్కి వచ్చే సెట్లు తగ్గిపోయాయనీ, తండ్రి హయాంకన్నా పని నాజూగ్గా ఉంటోందనీ వైద్యులంతా మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలును ఆమె దాచుకుంది. ఒంటరిగా ఉన్నప్పుడు తీసి చూసుకునేది కూడా. ఇప్పుడు దాన్ని వెతికితే, అది ఉన్నచోట ఏమీ తగల్లేదు. నొప్పి కూడా తగల్లేదు.

“ఈ నకళ్ళు ఆపేయమంటారా?” అని తాళాలావిడ అడిగింది.

“ఆపేయండి.”

చిన్న శబ్దం, మీట నొక్కినంత. “అయిపోయింది.”

“అంతేనా?”

“అంతేనండీ. మూయడం ఎప్పుడూ చిటికెలో పనే. కన్నం ఎవరిదో ఒప్పుకోవడానికే నాకు రోజులు పడతాయి.” ఆవిడ తన కాగితాలు సర్దుకుంది. తలుపు దగ్గర ఆగి, గొంతు తగ్గించి, “ముందుగది అమ్మాయి కంప్యూటర్ నేను మొత్తం చూశాను మేడమ్. అందులోంచి ఏమీ పోలేదు,” అని చెప్పి వెళ్ళిపోయింది.

*

జిరాక్సు కొట్టు ఒక గది, ఒక గుమ్మం, నాలుగు కంప్యూటర్లు, గోడవారగా ఒక పెద్ద ప్రింటర్. ఎవరు ఏ కంప్యూటర్లోంచి నొక్కినా కాగితం వచ్చిపడేది ఆ ఒక్క ట్రేలోనే. సర్టిఫికెట్లు పట్టుకున్న ఇద్దరమ్మాయిలు, అద్దె ఒప్పందం చేతబట్టుకుని చెమటలు తుడుచుకుంటున్న ఒక లావుపాటి ఆయన, ట్రే ముందు నిలబడి తమవి వచ్చాయేమోనని ఒక్కొక్క కాగితమే ఎత్తి చూస్తున్నారు. లావుపాటి ఆయన ఎత్తిన కాగితం మీద ఎవరిదో ముఖం ఉంది. పెదవులు రెండుచేతులతో సాగదీసి పట్టుకున్న, కింద నాలుగు పళ్ళు మాత్రమే మిగిలిన ముసలివాడి ముఖం. కింద పేరు, వయసు, వైద్యుడి అక్షరాలు. ఆయన “అమ్మబాబోయ్!” అని దాన్ని తిరగేసి పెట్టాడు. అమ్మాయిలు కిసుక్కున నవ్వారు.

తండ్రి మూల కుర్చీలో, కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో అట్ట, చేతిలో పెన్సిలు.

“రండి మేడమ్!” అని కొట్టు యజమాని ఎదురొచ్చాడు. “బాబాయిగారి కోసమా? మా కొట్టుకి ఆయనే పళ్ళ డాక్టరు. నా పళ్ళు చూసి, నీకింకా ఐదేళ్ళే టైముంది, తరవాత మా అమ్మాయి దగ్గరికే రావాలి అన్నారు. ఇంత మంచి బేరం ఎవరు తెస్తారండీ మీకు?”

ఆమె నవ్వవలసిన చోట నవ్వినట్టే పెదవులు కదిపింది.

“నువ్వొచ్చావేం?” అని తండ్రి తలెత్తాడు. కంగారు పడలేదు, ఇంట్లో హాల్లోంచి వంటగదిలోకి వచ్చిన మనిషిని చూసినట్టే చూశాడు. “వచ్చావు మంచిదే. ఇది చూడు. ఈయన ముఖానికి ఈ తెలుపు పెడితే, నవ్వినప్పుడల్లా ముందు పళ్ళొస్తాయి, తరవాత మనిషొస్తాడు. మామకి చెప్పాలి. ఇవాళ ఇంకా రావాల్సినవి రాలేదేమిటో, మెయిలు ఆగిపోయిందా?”

“లే నాన్నా.”

“రెండే ఉన్నాయి, అవి కూడా వేయించుకుని...”

“లే.”

ఆయన లేచాడు. ఆ కుర్చీ ఖాళీ అయీ కాకముందే, అద్దె ఒప్పందం పట్టుకున్న లావుపాటి ఆయన “నేను కూర్చోవచ్చా అమ్మా?” అంటూ అందులోకి జారాడు. తెర మీద పెట్టె తెరిచే ఉంది. వరసగా పేర్లు, వైద్యులు, ఫోటోల గుర్తులు. ఆయన అమాయకంగా మౌస్ మీద చెయ్యి వేశాడు. ఆమె పక్కనుంచి వంగి, “ఒక్క క్షణమండీ,” అని, తండ్రి రోజూ మూయకుండా వదిలేసి వెళ్ళేదాన్ని మూసింది. ట్రేలో ఉన్న ముఖాలన్నీ ఏరుకుంది. ఎంత సులువుగా జరిగి ఉంటుందో ఊహించవలసిన పని లేకుండా కళ్ళెదుటే జరిగింది. ఎవరో ఒకరు, తన కాగితాలతోపాటు పొరపాటునో సరదాకో ఒక కాగితం ఎత్తుకెళ్ళారు. అందులో ఉన్న ముఖం ఎవరిదో పోల్చుకోగలిగినవారే అయ్యుంటారు. దొంగ అనదగినవాడు కూడా లేని దొంగతనం.

దారి పొడుగునా తండ్రి అలవాటు కొద్దీ ఎదురొచ్చేవాళ్ళ నోళ్ళు చూస్తూ నడిచాడు.

*

కర్మాగారం పైఅంతస్తులోనే ఇల్లు. భోజనాల బల్ల దగ్గర ఆయన తన చోట కూర్చున్నాడు, ఆమె తన చోట. మధ్యలో ముఖాల కాగితాలు, బోర్లా.

“ముఖం చూడకుండా పన్ను చేస్తే అది పన్ను కాదు, చొక్కాకి గుండీ,” అని ఆయనే మొదలుపెట్టాడు. “నువ్వు లెక్కలు బాగా చూస్తావు, డాక్టర్లతో బాగా మాట్లాడతావు. రంగు చూడ్డం నీకు రాదు. నీ తప్పు కాదు. అది అందరికీ రాదు. చెబితే చిన్నబుచ్చుకుంటావని చెప్పలేదు.”

“పిచ్చుకను పంపేశానని నీకు తెలుసా?”

ఆయన పెన్సిలు బల్లమీద పెట్టాడు. “చదివాను. వైద్యుడికి నువ్వు రాసింది.”

“ఆ ప్రధానోపాధ్యాయిని సంగతి?”

“చదివాను.”

“ఆ ఫోటో నువ్వు వేయించుకున్నావా?”

కింద యంత్రం తిరుగుతోంది. ఎవరిదో సెట్టును అరగదీస్తున్నారు. ఆ గీరుడు చప్పుడు ఆగేదాకా ఆయన ఆగాడు.

“వేయించుకున్నాను. ఇంటికొచ్చి చూసుకుంటే ఆవిడ కాగితం లేదు. మళ్ళీ వెళ్ళాను. ట్రేలో లేదు. చెత్తలో పోయుంటుందిలెండి బాబాయిగారూ అన్నాడు కొట్టాయన. సరే అనుకున్నాను. తరవాత నువ్వు వైద్యుడికి రాసింది చదివాను. అప్పుడు తెలిసింది, చెత్తలో పోలేదని.”

“అప్పుడు నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే నువ్వు ఇది ఆపేసేదానివి.”

“పిచ్చుక కాదని నీకు తెలిసి కూడానా?”

“చిన్నపిల్ల, ఇంకోచోట దొరుకుతుందిలే అనుకున్నాను అమ్మడూ.” ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు, వేళ్ళు ఇంకా మైనం పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. “నాకు ఇంకోచోటు లేదు.”

ఆమె కోపం కోసం ఎదురుచూసింది. కోపం రావలసిన సమయమే అది; వస్తే దాన్ని పట్టుకుని ఏదో ఒకటి అనవచ్చు, గిన్నె విసిరికొట్టవచ్చు, ఏడవవచ్చు. ఏదీ రాలేదు. బల్లమీద ఒక నీటి మచ్చ ఉంటే చీరకొంగుతో తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. ఇన్నేళ్ళుగా ఈ బల్ల దగ్గరే, ఇదే మనిషి ఎదురుగా కూర్చుని, “ఇవాళ పని ఎలా ఉందమ్మడూ?” అని అడిగేవాడు. తను చెబుతుంటే, అంతా తెలిసి, తెలియనట్టు తలూపుతూ వినేవాడు. అందులో ప్రేమ ఎంతో, నిఘా ఎంతో విడదీయడానికి ఆమెకు ఇప్పుడు ఓపిక లేదు.

“రాయి నాన్నా.”

“ఏమని?”

“జరిగిందే.”

సొరుగులోంచి తెల్లకాగితం తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదినుంచి ముక్కుమీదికి దించుకుని, ఒకప్పుడు సున్నపు అచ్చుల మీద రోగుల పేర్లు రాసేటంత శ్రద్ధగా రాయడం మొదలుపెట్టాడు. గుండ్రటి అక్షరాలు, కొట్టివేత ఒక్కటీ లేదు. తనే ఆ ఏర్పాటు చేయించుకున్నానని రాశాడు. జిరాక్సు కొట్టులో పెట్టెను మూయకుండా లేచి వచ్చేవాణ్ణని రాశాడు. ఆ కాగితం తన చేతిమీదుగానే పోయిందనీ, ముందుగది ఉద్యోగినికి దీనితో ఏ సంబంధమూ లేదనీ రాశాడు. మధ్యలో ఒకచోట ఆగాడు.

“ఇది వైద్యుడి దగ్గరికి వెళితే, ఒక్కడితో ఆగదు. డాక్టర్లంతా చదువుతారు.”

“చదువుతారు.”

“ఈ వీధుల్లో నా చేతి పళ్ళతో నవ్వేవాళ్ళు తిరుగుతున్నారు. రేపు నన్ను చూస్తే నోరు మూసుకుని పోతారు.”

ఆమె కాగితం జారకుండా దాని అంచు మీద వేలు పెట్టింది.

“కొట్టులో నా తరవాత ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళెవరో నాకు గుర్తున్నారా అని అడుగుతారా?”

“అడుగుతారు.”

“గుర్తు లేరమ్మా. నేను కాగితాల్లో ముఖాలే చూసేవాణ్ణి. పక్కవాళ్ళ ముఖాలు చూడలేదు.”

అప్పుడు ఆమె ఫోన్ మోగింది. కింద నుంచి పింగాణీ మామ.

“అమ్మడూ, పిచ్చుక వచ్చింది. వేరేచోట పనికి వెళితే, ఇక్కడ ఎందుకు మానేశావో రాయించుకు రమ్మన్నారట. రాసిస్తే వెళ్ళిపోతానంటోంది. వాళ్ళమ్మని కూడా వెంటబెట్టుకొచ్చింది. ముందుగదిలో కూర్చోబెట్టాను. ఏం చెప్పమంటావు?”

“వస్తున్నానని చెప్పు మామయ్యా.”

“ఎంతసేపట్లో అని చెప్పను?”

“వస్తున్నానని చెప్పు.”

తండ్రి అంతా విన్నాడు. కలం పట్టుకున్న చెయ్యి ఒకసారి కాగితానికి దూరంగా వెళ్ళి తిరిగి వచ్చింది. అడుగున సంతకం పెట్టాడు. ఆ తరవాత, ఎవరూ అడక్కుండానే, సంతకం కింద తేదీ వేశాడు. కాగితాన్ని కూతురి వైపు జరిపాడు. యజమానురాలి సంతకం పెట్టవలసిన చోట ఆమె కూడా పెట్టింది. తన పేరు రాస్తుంటే, అది ఎవరో చెప్పగా రాసుకుంటున్న కొత్త మాటలా ఉంది.

“చదువుకోవా?” అన్నాడు తండ్రి.

“చూశాను.”

“సరే. తీసుకెళ్ళు మరి.” కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళజోడు తీసి, కళ్ళు మూసుకున్నాడు. కళ్ళజోడు లేకపోతే ఆయన ముఖం ఇంత చిన్నదని ఆమె ఎప్పుడూ గమనించలేదు. నోరు కొద్దిగా తెరుచుకుంది. లోపల అన్నీ తన చేత్తో చేసుకున్న పళ్ళే. వరస తప్పనివి, ఆ ముఖానికి సరిగ్గా సరిపోయే రంగువి.

కింద ముందుగదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. సన్నటి గొంతు ఏదో అడిగింది, మామ ఏదో సమాధానం చెప్పాడు.

ఆమె కాగితాన్ని మూడు మడతలు పెట్టింది, అంచులు సమంగా కలిసేలా, గోటితో గీత లాగి. లేచి మెట్ల వైపు కాకుండా లోపలిగదిలోకి నడిచింది. బీరువా తెరిచి, చీరల కింద, పై అరలో దాన్ని దాచి, తలుపు వేసి తాళం తిప్పింది. తాళం తిప్పాకగాని, ఆ కాగితం వెళ్ళవలసిన చోటు అది కాదని ఆమెకు తట్టలేదు. తట్టాక కూడా, తాళంచెవి బయటికి తీసి, పిడికిట్లో మూసి, అక్కడే నిలబడింది.